కత్తి దూసిన చప్పుడు

మంగళవారం. రెండు దుప్పట్లు ఉతికాను. ఇడ్లీపిండి రుబ్బాను. బాల్కనీలో నల్లధూళి రెండుసార్లు తుడిచాను.

స్టీల్‌ప్లాంట్ మిల్లు హోరులో ఇన్నేళ్లు పనిచేసి ఈయనకి చెవులు మందగించాయి. మాటలు అందక సినిమాలు మానేశారు. డాక్టర్ దగ్గరకి రమ్మంటే రారు. అమ్మాయి టీవీకి పెట్టిచ్చిన సమురాయ్ గేమ్‌లో మాటలే ఉండవు, అందుకే దానికి అతుక్కుపోయారు. వెదురుతోపులు తిరగడం, ఎదురైనవాడితో కత్తియుద్ధం, అంతే.

ఈరోజు ఆ ఆటలో వంతెన మీద అడ్డొచ్చినవాడి చేతిలో ఓడుతూనే ఉన్నారు.

"ఏటే, సెప్పాపెట్టకుండా కొట్టేత్తన్నాడు ఈడు."

"సెప్పే కొడతన్నాడు. ముందు కత్తి దూసిన సప్పుడవుతంది. మీకే ఇనబడ్డం లేదు," అని గట్టిగా అన్నాను.

ముఖం చిన్నబుచ్చుకున్నారు. పక్కన కూర్చుని పందెం కాశాను. నా చెవులతో గెలిస్తే డాక్టర్ దగ్గరకి రావాలి. చప్పుడైనప్పుడల్లా ఆయన మోకాలి మీద తట్టాను. నాలుగో తట్టుకి వాడు కూలాడు. ఎన్నాళ్లకో ఈయన పగలబడి నవ్వారు.

డాక్టర్ ఏమంటాడో అని నాకూ బెంగే...

పడుకోబోతూ అన్నారు: "రేపు టోకెన్ తీసుకో. నువ్వూ లోపలికి రావాల. డాక్టరు సెప్పింది నాకెలా ఇనబడతాది?"

పందెం బాకీ చెల్లు.