లెన్సు కలిపిన ఇద్దరు

జనవరి 19, ఆదివారం

కెమెరా వచ్చి వారమైంది. లెన్సు దగ్గర ఆగిపోయాను.

స్కూల్లో నా పక్క కుర్చీ సోషల్ టీచర్ అమూల్యది. వాళ్ల అన్న మోజు తీరి పక్కన పడేసిన డీఎస్సెల్లార్ నాకు ఇప్పించింది. దాంతోపాటు వచ్చింది 18-55 కిట్ లెన్సు ఒక్కటే. అదీ నాలాంటిదే. అన్ని పనులూ చేస్తుంది, ఏదీ గొప్పగా చేయదు.

యూట్యూబులో ఒకడు ఫిఫ్టీ ఎం.ఎం. ప్రైమ్ కొను, మనిషి వెనకున్నదంతా మెత్తగా కరిగిపోతుంది అంటాడు. ఇంకొకడు 70-300 జూమ్ లేకపోతే కెమెరా ఎందుకు అంటాడు. మూడోవాడు లెన్సు తర్వాత, ముందు ట్రైపాడ్ కొనమంటాడు. ముగ్గుర్నీ ఒక గదిలో వేసి తాళం పెట్టాలి.

దేవుడిచ్చిన రెండు కళ్లు చాలవా, మూడో కన్ను ఎందుకే నీకు అంది అమ్మ.

జనవరి 25, శనివారం

కొనేశాను. నేను కొన్నానా, మామయ్య కొనిపించాడా అంటే చెప్పలేను.

మామయ్య అంటే అమ్మకి అన్న, పేరు యల్లమంద. పక్కిల్లే. నాన్న పోయిన దగ్గర్నుంచి నా ఫీజులూ, జ్వరాలూ, మొండితనమూ అన్నీ ఆయనే మోశాడు. నరసరావుపేటలో పనుందంటూ రసూల్ భాయ్ షాపుకి నాతోపాటు వచ్చాడు. పనేం లేదు, నాకు తెలుసు. పందెం ఎద్దులకి మంచి ఫోటోలు లేవని ఆయన బాధ. ఫోన్లో తీస్తే ఎద్దులు పిల్లుల్లా వస్తున్నాయట.

రసూల్ భాయ్ ముందు ఫిఫ్టీ పెట్టి చూపించాడు. ఎంత బాగుందో! నేను అదే అనుకున్నాను. మామయ్య జూమ్ పెట్టించి, రోడ్డు చివర బస్సుని చూసి, నంబరు కూడా కనపడతందే అని చిన్నపిల్లాడిలా ఎగిరాడు. దూరపోళ్లని లాక్కొచ్చేది ఉండగా దగ్గరోళ్లని తీసేది ఎందుకే అన్నాడు. అంతే, జూమే ఖాయమైంది.

ఒక్క విషయంలో మాత్రం నా చదువు పనికొచ్చింది. మొదట చూపించిన జూమ్‌లో మోటార్ లేదు, మా కెమెరా బాడీకి ఆటోఫోకస్ పనిచేయదు. అడిగి మోటార్ ఉన్నది తీసుకున్నాను. రసూల్ భాయ్ యూవీ ఫిల్టర్ కూడా అంటగట్టాడు. లెన్స్ హుడ్ ఫ్రీ అట. ఫ్రీ అన్నది మామయ్య సంచిలోకి ముందు వెళ్లింది.

ఫిబ్రవరి 2

300 దగ్గర చెయ్యి ఆగడం లేదు. గేదెని తీస్తే రెండు గేదెలు వచ్చాయి. మోనోపాడ్ కావాలి, ఒంటికాలి స్టాండు.

ఫిబ్రవరి 9, ఆదివారం

రొంపిచర్ల అవతల ఒక ఊళ్లో బండలాగుడు పందేలు. అంత జనంలో ఆడపిల్లలు మేం నలుగురైదుగురం ఉంటామేమో. ఎవరో మీడియానా అని అడిగారు. అవునన్నాను, దారి ఇచ్చారు.

మామయ్య జత నాలుగు పళ్ల వయసు విభాగంలో లాగింది. ప్రైజ్ రాలేదు. ఆయనకేం దిగుల్లేదు. మిగతా జతల్ని చూస్తూ, కేకలేస్తూ, తలపాగా ఊపుతూ సాయంత్రం దాకా అక్కడే. నేను బరి ఈ చివర ట్రాక్టర్ ట్రక్కు మీద మోనోపాడ్ ఆనించుకుని తీస్తూనే ఉన్నాను. ఎద్దుల ఫోటోలన్నీ దుమ్ము. కానీ మామయ్యది ఒకటి వచ్చింది, అబ్బ! తల పక్కకి తిప్పి ఏదో అంటున్నాడు, ముఖమంతా నవ్వు, వెనక జనం రంగులుగా కరిగిపోయారు. ఆయన్ని అంత సంతోషంగా నేనెప్పుడూ చూడలేదు.

స్టేటస్ పెట్టాను. 'మా మామయ్య' అని రాసి మూడు హార్టులు.

ఫిబ్రవరి 10, ఉదయం 6

హార్టులు నా మొహాన కొట్టుకోవాలి.

నేను మామయ్యనే చూసుకున్నాను. ఆయన పక్కన ఉన్న మనిషిని చూడలేదు. ఊరంతా వాణ్నే చూసింది. వీరయ్య. ఫోటోలో ఇద్దరూ భుజం భుజం రాసుకుని, మామయ్య చెవిలో చెబుతుంటే వీరయ్య వంగి వింటున్నట్టుంది.

మా ఊరు రెండు వర్గాలు. మా వీధి హర్ష వర్గం. పాత సర్పంచి కొడుకు హర్ష, వయసు తక్కువే, మాట చెల్లుతుంది. అవతలి వర్గానికి పెద్దతలకాయ వీరయ్య. ఆయనా మామయ్యా ఒకప్పుడు కలిసి ఒక పందెం జతని పెంచారు. కాడికి కుడిపక్క ఎలపటి ఎద్దు మామయ్యది, ఎడమపక్క దాపటిది వీరయ్యది. ఊరు చీలినప్పుడు ఎవరి ఎద్దుని వాళ్లు తోలుకుపోయారు. ఒంటెద్దుతో పందెమేముంది, ఇద్దరూ అమ్ముకున్నారు. నాకప్పుడు ఐదారేళ్లు. అప్పట్నుంచి మాటల్లేవు.

నిన్న కూడా మాటల్లేవు. మామయ్య బరి తాడుకి ఈ పక్కన, ముందు. వీరయ్య బరి దాటి ఆ పక్కన, బాగా వెనక. ఇద్దరి మధ్య నుంచి ఒక జత బండ లాక్కుంటూ పోయింది, నేను కళ్లారా చూశాను. మామయ్య ఎవర్నో మంచినీళ్లు అడుగుతున్నాడు, ఆ మనిషి సీసా కోసం కిందికి వంగాడు, ఫ్రేములోంచి పోయాడు.

ఫిబ్రవరి 11

దీన్ని కంప్రెషన్ అంటారు. జూమ్ లెన్సు ముందున్నవాటినీ వెనకున్నవాటినీ కలిపి నొక్కేస్తుంది, బోరెం సంచిలో పత్తి తొక్కినట్టు. ఇది ఎంతమందికి చెప్పానో. అందరిదీ ఒకటే మాట, మనిషి అబద్ధం ఆడతాడు గానీ ఫోటో ఆడదు. వీరయ్య మామయ్యకంటే తలంత పొడుగు, ఫోటోలో ఇద్దరూ సమానంగా ఎట్లా ఉన్నారు అని అడిగాను. వంగాడుగా, చెవిలో మాట వినేదానికి అన్నారు.

స్టేటస్ తీసేశాను. ఏం లాభం, స్క్రీన్‌షాట్లు మాచర్ల దాకా పోయాయి.

ఫిబ్రవరి 16, ఆదివారం

అసలు సంగతి ఈరోజు బయటపడింది.

నిరుడు తిరనాళ్లలో ప్రభ ఊరేగింపు దగ్గర కొట్లాట అయింది. హర్ష బావమరిది తేజ తల పగిలింది. కేసు పెట్టారు. ఇక్కడ కేసంటే కొట్టినవాళ్ల పేర్లతో ఆగదు, అవతలి పక్క పెద్దతలకాయల పేర్లన్నీ ఎక్కుతాయి. అట్లా వీరయ్య ఎక్కాడు. కళ్లారా చూసినవాడని మామయ్యని సాక్షిగా వేశారు. మామయ్య కొట్లాట చూసిన మాట నిజం. వీరయ్య అక్కడ లేడన్నదీ నిజం. లేనోణ్ని ఉన్నాడని ఎట్టా చెప్పేదిరా అని ఇన్నాళ్లూ నసుగుతూ వచ్చాడు. హర్ష వాళ్లు మొహమాటం అనుకుని వదిలేశారు.

ఇప్పుడు నా ఫోటో వచ్చింది. అదీ సంగతి, లోపల్లోపల కలిసిపోయాడు, అందుకే చెప్పనంటన్నాడు అని తేల్చేశారు. హర్ష ఇంటికొచ్చి, అరుగు మీద కూడా కూర్చోకుండా చెప్పాడు. మార్చి పద్దెనిమిదిన వాయిదా. బోనెక్కి, వీరయ్య కర్రతో కొట్టటం చూశానంటే ఫోటో సంగతి ఎవరూ ఎత్తరట. చెప్పకపోతే మా పక్క మనిషివి కాదు, నీకేమైనా అయితే మా దగ్గరికి రావొద్దు పెద్దయ్యా అన్నాడు.

మామయ్య తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. నాకు ఏడుపొచ్చింది. తీసింది నేను, పెట్టింది నేను.

ఫిబ్రవరి 23, ఆదివారం

పొద్దున్నే కెమెరా తీసుకుని సెంటర్లో లైబ్రరీ మేడెక్కాను. హర్ష తన టీ కొట్టు ముందు నిలబడతాడు. వీరయ్య ఎరువుల కొట్టు ముందు. మధ్యలో బజారంతా ఉంది. మేడ మీద మూలకి జరిగితే ఇద్దరూ ఒక గీతలో పడతారు. కాచుకుని కాచుకుని తీశాను. హర్ష టీ గ్లాసు వీరయ్య మూతికి అందిస్తున్నట్టు వచ్చింది!

కిందికి దిగి, హర్షని పక్కకి పిలిచి చూపించాను. మనిషి రంగు మారిపోయింది. చుట్టూ చూశాడు. ఇది ఎవరికైనా పంపావా చెల్లెమ్మా అని అడిగాడు. లేదన్నాను. ఇప్పుడు అర్థమైందా అన్నాను.

మొన్ననే అర్థమైంది అన్నాడు. వీరయ్య ఆరోజు తిరనాళ్లలో లేడని కూడా తెలుసట. నాకు అర్థమైతే ఏం లాభం చెల్లెమ్మా, ఊరికి అర్థం కావద్దూ, మీ మామయ్య బోనెక్కి చెబితేనే ఊరికి అర్థమవుద్ది అన్నాడు. తన ఫోటో మాత్రం తన కళ్లముందే డిలీట్ చేయించాడు. కార్డు ఫార్మాట్ కూడా చేయించాడు. నీ ఫోటో అయితే అబద్ధం, మా మామయ్య ఫోటో అయితే నిజమా అని గట్టిగానే అరిచాను. టీ కొట్టు దగ్గర జనం తిరిగి చూశారు. ఇంటికొచ్చాక అమ్మ నా వీపు మీద ఒకటి వేసింది.

డిలీట్ చేసినా రికవరీ సాఫ్ట్‌వేర్ ఉంటుందని మామయ్యకి చెప్పాను. వద్దన్నాడు. అబద్ధానికి ఇంకో అబద్ధాన్ని జత కడితే ఏం లాగుద్దే అన్నాడు.

మార్చి 2

లెన్సుకి క్యాపు పెట్టి బీరువాలో దాచేశాను. ఎవరికైనా అమ్మేయాలి.

మార్చి 9, ఆదివారం

కల్లంలో ఆరబోసిన మిరపకాయ మీద రాత్రి ఎవరో మోటారు పైపు తిప్పారు. పొద్దున వెళ్లేసరికి పట్టాల మీద నీళ్లు నిలబడి ఉన్నాయి. ఎర్రగా గలగలలాడే కాయ తడిసి మెత్తబడి కంపు కొడుతోంది. మామయ్య మోకాళ్ల మీద కూర్చుని దోసిళ్లతో నీళ్లు తోడుతున్నాడు. సాయానికి ఒక్కరు రాలేదు. అమ్మా, నేనూ, అత్తయ్యా, అంతే. ఏ వర్గం వాళ్లు తిప్పారో కూడా తెలియదు.

అమ్మ అక్కడే ఏడుస్తూ, చెప్పి పారేయి అన్నయ్యా, ఊళ్లో ఎవరు చెప్పట్లేదు అబద్ధం, హరిశ్చంద్రుడు మన ఇంట్లోనే పుట్టాలా అంది.

నేనూ అన్నాను. రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తున్నాను. చెప్పేయి మామయ్యా అన్నాను. వీరయ్య మనకేమవుతాడు, ఇన్నేళ్లలో ఒక్కసారైనా పలకరించాడా అన్నాను.

మామయ్య చేతులు తుడుచుకున్నాడు. మిరప ఘాటుకి కళ్లు ఎర్రబడ్డాయి. వాడు నాకేమీ కాడే, ఏమీ కానోడి మీద అబద్ధం ఎందుకు చెప్పాలే అన్నాడు.

మార్చి 18, మంగళవారం

సెలవు పెట్టి వెంట వెళ్లాను. కోర్టు వరండాలో హర్ష మనుషులు ఒక పక్క, వీరయ్య మనుషులు ఒక పక్క. మధ్యలో బల్ల మీద మామయ్యా నేనూ. హర్ష రెండుసార్లు వచ్చి మామయ్య భుజం తట్టి వెళ్లాడు.

పేరు పిలిచారు. కొట్లాట చూశానన్నాడు. కొట్టిన ఇద్దరి పేర్లు చెప్పాడు. వీరయ్య గురించి అడిగితే, అక్కడ లేడయ్యా, ఉంటే కనపడేవాడు, తాటిచెట్టంత మనిషి అన్నాడు. ఎవరో నవ్వారు. మళ్లీ అడిగారు. మళ్లీ అదే. ఈమధ్య పందేల్లో ఇద్దరూ కలిసి ఉన్నారట కదా అని సర్కారు ప్లీడరు నిలదీశాడు. ఫోటోలో ఉన్నామయ్యా, నేల మీద లేం అన్నాడు మామయ్య. సాక్షి హాస్టైల్, ఎదురు తిరిగాడు అని రాసుకున్నారు.

బయటికొచ్చేసరికి హర్ష కారు వెళ్లిపోయింది. వీరయ్య మెట్లు దిగి మా ముందునుంచే పోయాడు. చూడలేదు. తల కూడా ఊపలేదు. నాకు ఒళ్లు మండిపోయింది. ఎంత కొవ్వు మామయ్యా ఆయనకి అన్నాను. చుట్టూ వాడి వాళ్లున్నారు కదే, ఎట్టా చూస్తాడు అన్నాడు మామయ్య. బస్సులో వచ్చాం. దారంతా కిటికీలోంచి ఎవరి ఎద్దులు కనిపిస్తే వాటి పళ్ల లెక్క చెబుతూనే ఉన్నాడు.

మార్చి 23

మా ఊళ్లో టీ కొట్లు రెండు, వర్గానికొకటి. మామయ్య ఈరోజు హర్ష వాళ్ల కొట్టుకి పోతే గ్లాసు ఇవ్వలేదట. అవతలి కొట్టుకి ఆయన పోడు, పోయినా ఇవ్వరు. ఇంటికొచ్చి అత్తయ్యని టీ పెట్టమన్నాడు. పొద్దున్నే ఆయన ఇంట్లో టీ తాగడం నేను పుట్టాక చూడలేదు. పంచె నలగకుండా కూర్చుని, చుట్టాలింటికి వచ్చినవాడిలా తాగాడు.

మార్చి 31, సోమవారం

జూమ్ లెన్సుని రసూల్ భాయ్‌కి తిరిగి ఇచ్చేస్తానని చెప్పాను. మామయ్య విన్నాడు. ఇయ్యబోయే ముందు ఆ ఫోటో ఒకటి కడిగించు అన్నాడు.

ఏ ఫోటో అన్నాను.

అదేనే, ఎట్టాగూ కలిశామని అనిపించుకున్నాం గదా అన్నాడు.

ఏప్రిల్ 5

ఫోన్లో ఉన్న కాపీ కడిగించి మామయ్యకి ఇచ్చాను. అద్దాలు పెట్టుకుని, వెలుతురుకి తిప్పి చానాసేపు చూశాడు.

ఇందులో నేనేదో చెప్తన్నా, వాడు వింటన్నాడు, ఏం చెప్తన్నానంటావే అని అడిగాడు.