డిక్కీ సంబరంలో ఎవరూ వినని జోకు

పెల్టన్ క్రీక్, అయోవా,
నవంబరు 3.

ఊరి వినోద కార్యక్రమాల అధికారి శ్రీ కర్టిస్ ముల్‌హాల్ గారి సముఖమునకు,

ఎలివేటర్ వీధి, 212వ నంబరు ఇంటి కాపురస్తురాలు, రిటైరైన స్కూలు బస్సు డ్రైవరు ఆర్డిత్ హెల్గసన్ వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: అక్టోబరు చివర పిల్లలు వేషాలు వేసుకుని ఇంటింటికీ తిరిగి జోకు చెప్పి మిఠాయి పుచ్చుకొనే ఆనవాయితీని రద్దుపరచి, దానికి బదులు తమరు పార్కింగ్ స్థలంలో కార్ల డిక్కీల్లోంచి మిఠాయి పంచిస్తూ జరిపించిన 'కుటుంబ సురక్షిత డిక్కీ సంబరం' వలన కలిగిన నష్టం, అందుకు నేను తీర్చుకోదలచిన కక్ష గురించి.

1. మన ఊళ్లో జోకు చెప్పనిదే ఏ గుమ్మంలోనూ మిఠాయి పెట్టరన్నది తమరెరుగనిది కాదు. ముప్పై ఎనిమిదేళ్లుగా నా వరండాలో పాకం పట్టిన పాప్‌కార్న్ ఉండలు పెట్టుకు కూర్చుని, వచ్చిన ప్రతి బిడ్డ చెప్పిన జోకునూ పేరుతో, వేషంతో సహా నోటుపుస్తకంలో రాసుకున్నాను. ఈ ఏడు అక్టోబరు ముప్పయ్యో తారీకు పేజీ తెల్లగా ఉంది. నూట పది ఉండలు చేశాను. నూట తొమ్మిది మిగిలాయి. ఒకటి నేనే తిన్నాను, కోపంతో.

2. సదరు సంబరంలో మిఠాయి పంచువారికి కారు, ఆ కారుకు డిక్కీ ఉండవలెనని తమరు నియమం పెట్టితిరి. ముప్పై ఏళ్లు ఊరి పిల్లలందరినీ బస్సులో మోసిన నాకు చూపు ఆనడం లేదని డ్రైవింగ్ లైసెన్సు లాక్కున్నది తమ ఆఫీసులో పక్క గది వారే. గత్యంతరం లేక, పోయిన మా ఆయన వాడిన ఒంటిచక్రం తోపుడుబండికి అలంకారంగా గుమ్మడికాయలు కట్టి, ఉండలు నింపుకుని, ఆరు వీధులు తోసుకుంటూ వచ్చాను. "దీనికి డిక్కీ ఏది మామ్మా?" అని తమ మనిషి గేటు దగ్గరే నిలబెట్టాడు. బండి అంతా డిక్కీయే కదయ్యా అన్నా వినలేదు.

3. అసలు సంగతి ఇది. మా పక్కింటి ఆరేళ్ల టిల్డాకు మాట తడబడుతుంది. నెల రోజులు మా కంచె దగ్గర నిలబడి ఒకే ఒక్క జోకు సాధన చేసింది. దెయ్యం రోజూ బడికి వెళ్తుందట, అయినా ఏడాదంతా గైరుహాజరేనట, టీచరుకు కనబడదు గనుక. తమరు ఈల మెడలో వేసుకుని మొదటి కారు దగ్గరే ఉన్నారు. పిల్ల "ద... ద... దెయ్యం..." అంది. తమరన్న మాట గేటు దగ్గరున్న నాకు స్పష్టంగా వినబడింది: "జోకులూ గీకులూ ఏం వద్దు తల్లీ, సంచి చాపు. జరుగు జరుగు, వెనకాల లైనుంది!"

ఇరవై రెండు డిక్కీలు తిరిగి సంచి నింపుకొచ్చింది. దాన్ని తెచ్చి నా మెట్ల మీద పెట్టి, "నాకొద్దు ఆర్డిత్ మామ్మా, నేనేం చెప్పకుండానే ఇచ్చేశారు" అంది. అయ్యా, నా కడుపు రగిలిపోయింది. ఇంకా చల్లారలేదు, చల్లార్చుకునే ఉద్దేశమూ లేదు.

4. కావున ప్రార్థించునదేమనగా, వచ్చే గురువారం సాయంత్రం ఐదింటికి తమరు ఈల లేకుండా, వాచీ లేకుండా నా వరండాకు వచ్చి టిల్డా జోకు చివరిదాకా వినవలెను. మధ్యలో మాట అందివ్వరాదు. వచ్చే ఏడు పిల్లల్ని మళ్లీ మా గుమ్మాలకు పంపవలెను.

5. రానియెడల, అదే రోజు ఏడింటికి ఊరి సభలో మూడు నిమిషాలు మాట్లాడే హక్కు నాకున్నది. నోటుపుస్తకం తెస్తాను. అక్కడ కూర్చునే సభ్యులు ఏడుగురిలో ఐదుగురు చిన్నప్పుడు నా మెట్లెక్కినవారే. మేయరు గారు తొమ్మిదో ఏట గొర్రె వేషంలో వచ్చి, నాలుగు ఉండలు మింగి, నా పూలకుండీలో చేసిన పని కూడా తారీకుతో సహా ఉన్నది. ఎవరి పుణ్యమా అని ఇదంతా చదవవలసి వచ్చిందో చెప్పి మరీ మొదలుపెడతాను.

చిత్తగించి, తప్పించుకొనే ఆలోచన మానుకోవలెను.

గురువారం దాకా మాత్రమే తమ విధేయురాలు,
ఆర్డిత్ హెల్గసన్

తా.క.: ఒరేయ్ కర్టిస్, నీ పేజీ మాత్రం సభలో చదవనులే. ఏడేళ్లవాడివి, అట్టపెట్టె తగిలించుకుని రోబో వేషంలో వచ్చావు. "కో... కో..." దగ్గర ఆగిపోయావు. వెనక పాతికమంది. ఎవడో "తొందరగా కానీరా" అన్నాడు. "నోర్మూసుకుని నిలబడు, వాడి జోకు ఇంకా అవలేదు" అన్నాను. ఎనిమిది నిమిషాలు పట్టింది. జోకు ఏమంత బాగాలేదురా. అయినా నవ్వాను.

గురువారం ఐదింటికి రా. టిల్డాది నీ జోకు కన్నా బాగుంటుంది.