బావ పేరున తీసిన బెర్తు

అక్కకి వందనాలు. నేను క్షేమంగానే ఉన్నాను, కంగారుపడకు. ఫోనులో ఇవన్నీ చెప్పలేనని కార్డు రాస్తున్నాను.

రాజమండ్రిలో రైలెక్కి చెన్నై, అక్కణ్ణుంచి దీవులకి ఓడ. మన పడవల క్లబ్బువాళ్లం తొమ్మిదిమందిమి. ఈ టిక్కెట్లు వేసవి చివర్లో బావా నేనూ కలిసి తీసినవే కదా. వానాకాలంలో ఆయన పోయాక మానేస్తానన్నాను, నువ్వే పెట్టె సర్ది పంపావు. రైల్లో బావ బెర్తు మీద నా సంచి పెట్టి, ఎవర్నీ కూర్చోనివ్వలేదు.

నిన్న సాయంత్రం ఓడ డెక్కు మీద నిలబడితే ఉన్నట్టుండి గాలి మళ్లింది. "బావా, తాడు వదులు!" అని అరిచేశాను. ఇరవై ఏళ్లుగా ప్రతి ఆదివారం గోదాట్లో చుక్కాని నాది, తెరచాప తాడు ఆయనది. ఈ ఓడకి తెరచాపే లేదు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. మనవాళ్లు మాత్రం తలలు దించుకున్నారు.

నీ దగ్గు తగ్గిందా? మందు అయిపోతే కోడలు మెర్సీతో తెప్పించుకో. తెరచాప చెమ్మకి చివికిపోతుంది, మేడమీద ఎండలో ఆరేయించు. పడవ ఎవరడిగినా ఇచ్చెయ్యమని వచ్చేముందు నేనే అన్నాను. ఇవ్వకు.

ప్రభువు నీ చెయ్యి విడవడు. నేను తిరిగొచ్చాక మొదటి ఆదివారం, ఆరాధన అయ్యాక రేవుకి రా, తాడు పట్టడం నేర్పుతాను. పడవలో పిలిస్తే పలికే మనిషి ఉండాలక్కా.

నీ తమ్ముడు,
ప్రభుదాసు