వాసాలకు కట్టిన గవ్వలు

తాతగారికి,

మీ ఇంటి దాకా వచ్చి రెండుసార్లు వెనక్కి వెళ్ళిపోయాను. ఎదురుగా చెప్పే ధైర్యం లేక రాస్తున్నాను.

మొన్న పిల్లల్ని మన మనేబా సభామండపంలో చాపల మీద పడుకోబెట్టి, పైకప్పునే ఆకాశం అనుకోమన్నాను. నక్షత్రానికో గవ్వ చొప్పున వాసాలకు కట్టించాను. కృత్తికలు, జ్యేష్ఠ, అన్నీ అందరికీ తెలిసినవే. అప్పుడు మీ మనవరాలు కారోతు లేచి, "ఇవేం సరిపోతాయి టీచర్? వీటిని నమ్ముకుని పడవేస్తే పక్క దీవి కూడా దొరకదు!" అని నవ్వి, మీరు నేర్పిన, పడవకు దారి చూపే చుక్కల్ని వరసగా కట్టడం మొదలుపెట్టింది.

అది మీ ఇంటి విద్య అనీ, బయటివాళ్ళ చెవిన పడకూడదనీ ఈ ఊళ్ళో పుట్టిన నాకు తెలియక కాదు.

సంగతి తెలిసి మీరు కారోతుతో, "నీకింక చెప్పేదేం లేదు, పోయి ఆ బళ్ళోనే నేర్చుకో" అన్నారట. గవ్వలు నేనే విప్పేశాను. ఆ చుక్కల వరసని పిల్లలు రాసుకున్న కాగితాలన్నీ దీంతో పంపుతున్నాను. దయచేసి ఆ పిల్లని దూరం పెట్టకండి.

నేను ఆపేలోగానే కారోతు అన్నీ చెప్పేసిందని హెడ్మాస్టరుగారితో అన్నాను. అబద్ధం. మూడో గవ్వ దగ్గర అది తనంతట తానే ఆగిపోయింది. "తర్వాతేది?" అని అడిగింది నేను.

నేను రాసుకున్న కాగితమూ ఇందులోనే ఉంది. పిల్లలు మరిచిపోతారు. నాకు మాత్రం అన్నీ వరసగా గుర్తున్నాయి తాతగారూ, ఏం చెయ్యమంటారు?

మీ ఊరి టీచరు