మిద్దెమీది వైఫై

తిరుచానూరు, 2007

తమ్ముడు ధర్మేంద్రకు అక్క రాసేది,

ఫోన్లో మాట్లాడితే మిద్దెమీద మా తోడికోడలు లోహిత వింటాది, అందుకే ఈ ఉత్తరం. ఇంటికంతా ఒకటే వైఫై పెట్టె, అదీ ఆమె హాల్లోనే. నా పాత ల్యాప్‌టాప్‌లో ఒక పేజీ తెరుచుకునేలోపల పప్పు ఉడికిపోతాది. స్పీడంతా ఆమే లాగేసుకుంటా ఉండాదని నాకు ఒకటే కడుపుమంట.

నిన్న మెకానిక్ వచ్చి సూసినాడు. "పెట్టెను వేగంగా పోయే కొత్త పద్ధతిలో పెడితే మీ పాత ల్యాప్‌టాప్‌కు నెట్ అందదమ్మా. అందుకే పైనామె పాత పద్ధతిలోనే పెట్టించినారు. ఆమెకీ ఇంతే స్పీడు" అన్నాడు.

నాతో ఒక్క మాటైనా అనలేదు సూడు! మంచితనంలోనూ ఆమే ముందుండాల్నా?

ఆదివారం రేణిగుంట నుంచి వచ్చి నా ల్యాప్‌టాప్‌కు కొత్త వైఫై కార్డు వెయ్యప్పా. అప్పుడు పెట్టెను కొత్త పద్ధతికి మార్చొచ్చు. ఆమెకు స్పీడొస్తే అది నావల్లే రావాల.