ఒంగోలుకి రెండు దారులు

జనవరి 20, మంగళవారం

పొద్దున వ్యాను తలుపు తీస్తే స్టీరింగ్ మీద దూదిపింజ ఒకటి. నా ఊపిరి తగిలి లేచింది, కాస్త తిరిగింది, మళ్ళీ అక్కడే కూర్చుంది. తీయలేదు. దానితోనే నడిపాను, బ్రాడీపేట నుంచి నల్లపాడు దాకా. రెండు దిండ్లు, ఒక బొంత ఇచ్చి వచ్చాను.

నాన్న భుజం ఇక స్టీరింగ్ తిప్పకూడదని డాక్టర్ అన్నాడు. మన పరుపుల కొట్టుకి సొంత వ్యాను ఎందుకు, కావలసినప్పుడు ట్రాలీ ఆటో మాట్లాడుకుందాం అంటున్నాడు నాన్న. కొనేవాళ్ళ కోసం చూస్తున్నాడు కూడా.

నానమ్మ ఊరుకుంటుందా...

"పిల్లకి లైసెన్సు ఉంది కదరా మస్తాన్!"

"ఊళ్ళో తిప్పడం వేరు. ఒంగోలు వెళ్ళి రావడం వేరమ్మా."

"అయితే ఒంగోలే పంపించు."

నాన్న దూది ఏకే మిషన్ ఆపాడు. నా వైపు చూశాడు. ఒంగోలు పెళ్ళివారి పరుపులు నాలుగూ శనివారానికి అందాలి — ఇచ్చి రా, ఆ తర్వాత వ్యాను అమ్మాలో వద్దో చూద్దాం, అన్నాడు.

తల ఊపాను, అంతే. లోపల మాత్రం గంతులు.

జనవరి 21, బుధవారం

రెండు దారులు.

టోల్ రోడ్డు — చిలకలూరిపేట, మార్టూరు, మేదరమెట్ల, ఒంగోలు. స్కేలు పెట్టి గీసినట్టుంటుంది.

సముద్రం వైపు రోడ్డు — పొన్నూరు, బాపట్ల, చీరాల, ఒంగోలు. టోలు లేదు. ఆటోలు, గేదెలు, రొయ్యల లారీలు, స్కూలు బస్సులు, రోడ్డు మీదే కూరగాయల బజార్లు... అవన్నీ ఉన్నాయి.

నాన్న ఎప్పుడూ టోల్ రోడ్డునే వెళ్ళేవాడు. "అటు ఉప్పుగాలి. దూది చెమ్మ పీలుస్తుంది. పరుపు గడ్డ కడుతుంది."

నాకూ టోల్ రోడ్డే ఇష్టం. కారణం వేరు, ఇక్కడైతే రాసుకోవచ్చు. ఆ రోడ్డు మీద ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు.

జనవరి 22, గురువారం

మార్టూరుకి వెళ్ళి వచ్చాం. ఒక డబుల్ పరుపు, నానమ్మ, నేను.

పత్తి చేలు ఆఖరి తీతకి వచ్చాయి. కల్లాల్లో మిరపకాయలు — ఎరుపు, ఎరుపు, ఇంకా ఎరుపు. అద్దాలు మూసినా దగ్గు ఆగలేదు. దగ్గుతూనే నాలుగో గేరు. ఎంత బాగుందో. రోడ్డు కింద నుంచి మెత్తగా జారిపోతుంది. ఎవరూ అడ్డం రారు.

తర్వాత టోల్‌గేట్. ఫాస్టాగ్ చదవదు.

"బ్యాలెన్స్ ఉందా మేడమ్?"

ఉందన్నాను. నా చెవికే వినపడలేదు. వెనక హారన్లు. మళ్ళీ అడిగాడు. మళ్ళీ చెప్పాను, అదే గొంతుతో. కాన్వెంట్లో అన్నేళ్ళూ మెల్లగా మాట్లాడినందుకు మెచ్చుకున్నారు నన్ను... టోల్‌గేట్ల సంగతి సిస్టర్లకి తెలియదు.

నానమ్మ నా మీదుగా వంగింది. "ఉందయ్యా ఉంది! నీ మిషనే నిద్రపోతోంది, లేపు!"

అతను నవ్వి, చేతి మిషన్ తెచ్చి అద్దానికి చూపించాడు. గేటు లేచింది.

గేటు దాటి వేగం అందుకోగానే పరుపు మీద కప్పిన పట్టాలోకి గాలి దూరింది. టపటపా... పక్కన లారీ క్లీనరు తల బయటపెట్టి అరుస్తున్నాడు, "అమ్మా, నీ పరుపు ఎగిరిపోతోంది!"

ఆపి, తాడు బిగించి, నెమ్మదిగా నడిపితే వెనకనుంచి తిట్లు.

"ఇది బండి నడపడం కాదే," అంది నానమ్మ. "గాలిపటం ఎగరేయడం."

ఒక్క పరుపుకే ఇలా. శనివారం నాలుగు.

జనవరి 23, శుక్రవారం

నానమ్మా నేనూ తేల్చుకున్నాం. చీరాల రోడ్డు. మెల్లగా వెళ్ళొచ్చు, పరుపులు ఎగరవు.

నాన్నకి చెప్పలేదు. టోల్ రోడ్డే అనుకుంటున్నాడు.

చీకటితోనే బయల్దేరితే ట్రాఫిక్ ఉండదు, జనం ఉండరు. ఈ ఆలోచన నాదే. చాలా తెలివైనదాన్ననిపిస్తోంది.

జనవరి 24, శనివారం

చేతులు ఇంకా స్టీరింగ్ ఆకారంలోనే ఉన్నాయి. అయినా రాయాలి.

పొన్నూరు దాకా రోడ్డంతా మాదే. తర్వాత మంచు. తెల్లగా, దట్టంగా, పొలాల మీద నుంచి లేచి వచ్చి మమ్మల్ని మింగింది. వైపర్లు వేసుకుని పాకుతున్నట్టు వెళ్ళాం. బాపట్లలో ఆపి చూస్తే పట్టా అంచుల నుంచి నీళ్ళు కారుతున్నాయి. నానమ్మ పట్టా కింద చెయ్యి పెట్టి, తీసి, చెంపకి ఆనించుకుంది.

"చెమ్మ దిగిందే."

దూది పనివాళ్ళు మంచు రోజుల్లో పొద్దెక్కకుండా సరుకు బయటికి తీయరట. నాన్న ఏ డెలివరీకైనా ఎండ వచ్చాకే కదిలేవాడు. ఇన్నేళ్ళూ అది బద్ధకం అనుకున్నాను.

"మరి నిన్న ఎందుకు చెప్పలేదు?"

"నీ సరదా చూసి నేనూ మర్చిపోయానే..."

ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. తడి పరుపులు తీసుకెళ్తే పెళ్ళివారు వెనక్కి పంపేస్తారు. వ్యాను పోయినట్టే.

సూర్యుడు వచ్చాడు, సూర్యుడితో పాటు జనమూ వచ్చారు. పాల క్యాన్లు, స్కూలు బస్సులు, గేదెలు. నడిరోడ్డు మీద ఒక ఆటో ఆగి ఉంది, డ్రైవరు ఎవరితోనో ముచ్చట్లు. హారన్ కొట్టాను. మళ్ళీ కొట్టాను. అద్దం దించాను.

"ఒరేయ్, పక్కకి తీయరా!"

ఎవరిదా గొంతు... నాదే!

డ్రైవరు తిరిగి చూశాడు. నాన్న వయసు. "తీస్తానమ్మా, తీస్తా. పొద్దున్నే ఎందుకంత కోపం?"

"సారీ అండి," అన్నాను.

చీరాల దాకా నానమ్మ నవ్వుతూనే ఉంది. "ఒరేయ్ అని తిట్టి, అండీ అని సారీ!" కళ్ళు తుడుచుకోవడం, మళ్ళీ అదే మాట.

వేటపాలెం దగ్గర నేతవాళ్ళ వీధి. ఒక ఇంటి ముందు వెడల్పాటి వాకిలి, నిండా ఎండ. దండేల మీద రంగు వేసిన నూలు ఆరుతోంది. ఆపాను.

"నా మోకాళ్ళు దిగనివ్వవు. నువ్వే అడగాలి," అంది నానమ్మ.

దిగాను. నాలుగడుగులు వేసి వెనక్కి చూశాను. వెళ్ళమని చెయ్యి ఊపింది.

నూలు తిరగేస్తున్న ఆవిడ తల ఎత్తింది. "ఏం కావాలమ్మా?"

దారంతా వాక్యం తయారు చేసుకున్నాను. పరుపులు, మంచు, పెళ్ళి, కొంచెం చోటు... అన్నీ వరసగా. ఒక్కటీ రాలేదు.

"ఎండ కావాలండీ."

ఆవిడ నన్ను చూసింది, వెనక నీళ్ళు కారుతున్న వ్యానుని చూసింది. ఒక్కసారి నవ్వేసింది. "ఎండకేం తక్కువ! ఎంత కావాలంటే అంత వాడుకో." ఇంట్లోకి కేకేసింది, "ఏమయ్యా, ఆ మంచాలు ఇటు పట్రా!"

మంచాలు వచ్చాయి. ఆవిడా, భర్తా, నేనూ మోశాం. పరుపుల చోటు కోసం వాళ్ళ నూలే పక్కకి జరిపారు. ఎర్ర నూలు ఒకవైపు, మా చారల పరుపులు ఒకవైపు. తిప్పడం, కర్రతో కొట్టడం, మళ్ళీ తిప్పడం. దూది మెల్లగా ఊపిరి తీసుకున్నట్టు పొంగింది.

ఆవిడ అంచు కుట్టు మీద వేలు పెట్టి చూసింది. "ఎవరి చెయ్యమ్మా ఇది?"

"నాదే!" వ్యానులోంచి నానమ్మ.

టీ ఇచ్చారు. నేను మాట్లాడుతున్నాను! టోల్‌గేట్ సంగతి, గాలిపటం సంగతి, సారీ అండి సంగతి. వాళ్ళు నవ్వుతుంటే ఇంకా చెప్పాను. అంతసేపు కొత్తవాళ్ళతో ఎప్పుడు మాట్లాడానో గుర్తు లేదు.

ఒంగోలులో పెళ్ళికూతురి అమ్మమ్మ పరుపు మీద పిడికిలి నొక్కి, తీసి, గుంట పైకి లేచేదాకా కళ్ళార్పకుండా చూసింది. లేచింది. "బాగా ఏకారు," అంది. నాకు ఆవిడని కౌగిలించుకోవాలనిపించింది. నమస్కారం పెట్టాను.

తిరిగి కూడా చీరాల మీదుగానే. టోల్ రోడ్డు వైపు చూడనైనా లేదు. గేదెలని కూడా దారి అడగడం వచ్చేసింది.

ఇంటికి రాగానే నాన్న పట్టా మడత విప్పాడు. లోపల ఇంకా చెమ్మగా ఉంది, ఎర్ర నూలుపోగు ఒకటి అంటుకుని ఉంది. వెలుతురులో పెట్టి చూశాడు. ఏ రోడ్డున వెళ్ళారని అడగలేదు.

"ఎక్కడ ఎండబెట్టారు?"

"వేటపాలెంలో. నేతవాళ్ళ వాకిట్లో."

"ఎవరడిగారు? మీ నానమ్మేనా?"

"నేనే."

నాన్న మిషన్ వైపు తిరిగాడు. భుజాలు కదులుతున్నాయి. నొప్పేమో అని దగ్గరికి వెళ్ళాను.

నవ్వుతున్నాడు.

జనవరి 25, ఆదివారం

వ్యాను ఊసు నాన్న ఎత్తలేదు. నేనూ అడగలేదు. ఊరికే కడిగాను, రెండుసార్లు.

జనవరి 26, సోమవారం

వేటపాలెం ఆవిడ ఫోను. రెండు దిండ్లు కావాలట, అదే కుట్టుతో. ఎప్పుడు తెస్తావంది, తెస్తావా అనలేదు. నాన్నని అడిగి చెబుతానన్నాను.

అడిగేలోపే ప్రత్తిపాడు నుంచి వ్యాను చూడటానికి ఒకాయన వచ్చాడు. నాన్న పోయినవారమే రమ్మన్నాడట. చుట్టూ తిరిగాడు, టైర్లు తన్నాడు, స్టార్ట్ చేసి చెవి పెట్టి విన్నాడు. నేను కొట్టు గుమ్మంలో, నానమ్మ నా వెనక.

"బండి బాగుందండీ. ఈ అద్దం మీద పేరొక్కటి గీకించేస్తే చాలు. ఎవరండీ షాహీన్?"

నాన్న భుజం మీది తుండుగుడ్డ తీసి, ఆ పసుపు అక్షరాల మీద దుమ్ము తుడిచాడు. నిన్న కడిగిన అద్దం, దుమ్మెక్కడిది...

"టీ తాగుదాం రండి," అన్నాడు ఆయనతో.

ఇద్దరూ మలుపు దాకా వెళ్ళారు. ఇంకా రాలేదు. వ్యాను తాళం ఇక్కడే మేకుకి ఉంది.

షాహీన్ నేనే. పదో తరగతి పాసైనప్పుడు నాన్న రాయించాడు.