మల్లేశం మేకలకు సూది వేశాను

తమ్మీ,

నువ్వు పోయాక పశువులకు సూదులు వేయడం నేనే నేర్చుకున్నాను. ఈ రోజు మన ఊళ్లో మేకలకు పారుడు రోగం టీకాలు వేశాను. మేకలు తోలుకొచ్చిన వాళ్లలో మల్లేశం కూడా ఉన్నాడు.

ఆనాడు ఇచ్చోడ నుంచి డాక్టరును పిలిపించి ఊరందరి మేకలకూ టీకాలు వేయించింది నువ్వే. అప్పటికే రోగం తగిలిన మల్లేశం మేకలు మర్నాడు చచ్చిపోయాయి. "మందు పెట్టి సంపినవురా!" అంటూ వాడు గొడ్డలి కర్రతో నీ తల పగలగొట్టాడు. కొంగుతో ఎంత అదిమినా నీ నెత్తురు ఆగలేదు. వాడు జైలుకు పోయి, ఈ మధ్యే తిరిగొచ్చి మళ్లీ మేకలు కొనుక్కున్నాడు.

"అక్కా, నా మేకలకు సూది ఎయ్యవా?" అన్నాడు తల వంచుకుని.

సూది పక్కన పెట్టి చెంప పగిలేలా కొట్టాను. పెదవి చిట్లింది. మళ్లీ మళ్లీ కొట్టాను. ఎవరూ ఆపలేదు.

"మందుతోని కాదు, రోగంతోనే సచ్చినయని నా తమ్ముడు చెప్పిండు కదరా! గప్పుడెందుకు ఇనలే?" అని అరిచాను.

"ఇంకా కొట్టక్కా. మేకలను మాత్రం ఇడిసిపెట్టకు" అన్నాడు నెత్తురు తుడుచుకోకుండానే.

చేతులు కడుక్కున్నాను. వాడు పట్టుకుంటుంటే మేకలన్నింటికీ సూది వేశాను.

నువ్వయితే కొట్టకుండానే వేసేవాడివి. నాకది చేతకాలేదు, తమ్మీ.

మీ అక్క